యెహోవాను ఎరుగని పరిచారకులు

సమూయేలు మొదటి గ్రంథములో ఏలీ కుమారులైన హొఫ్నీ, ఫీనెహాసులు యెహోవాను ఎరుగరని వ్రాయబడింది (2:12). బాలుడైన సమూయేలు కూడా ఆయనను ఇంకా ఎరుగడు (3:7). హెబ్రీ మూలంలో రెండుచోట్లా క్రియ ఒక్కటే: ‘యాదా’. ముగ్గురూ షిలోహు మందిరంలో పరిచర్య చేస్తున్నవారే!

ఏలీ కుమారులకు తెలియనిదేమిటి? బలి విధులు మాత్రం కావు. వారి పనివాడు పచ్చి మాంసం అడిగినప్పుడు, ముందు క్రొవ్వు దహింపవలెనని బలి తెచ్చిన సామాన్యుడే గుర్తుచేశాడు (2:16). సామాన్యునికి తెలిసినది యాజకులకు తెలియదా? కనుక వారిలో లోపించినది సమాచారం కాదు. ‘యాదా’ సన్నిహిత సంబంధాన్ని కూడా తెలిపే మాట. ఆదాము హవ్వల దాంపత్యం గురించి ఆదికాండము 4:1 వాడినదీ ఈ క్రియనే.

సమూయేలు సంగతి వేరు. యెహోవా వాక్కు అతనికి ఇంకా ప్రత్యక్షము కాలేదని వచనమే కారణం చెబుతున్నది. అందుకే స్వరం విని మూడుసార్లు ఏలీ యొద్దకే పరుగెత్తాడు. కావున వేదాంత కళాశాలలో ఈ రెండు విధాల ఎరుగకపోవుటను ఒకే గాటన కట్టరాదు. ఇంకా ఎరుగని విద్యార్థికి, ఆ స్వరం ఎవరిదో చెప్పగల పెద్ద అవసరం. సొంత కుమారులను అదుపు చేయలేని ఏలీయే ఆ పని చేశాడు.

సమూయేలు పొందిన మొదటి వాక్కు ఆ ఏలీ ఇంటిమీది తీర్పు. చెప్పడానికి భయపడ్డాడు, అయినా దాచలేదు.