మీకు తెలుసా? జానెడు కారు మీద వార్హోల్ రంగులు

1975లో ఫ్రెంచ్ రేసర్, వేలంపాటల నిర్వాహకుడు ఎర్వే పులాన్ తన బీఎండబ్ల్యూ రేసు కారుకు రంగులు వెయ్యమని అమెరికన్ శిల్పి అలెగ్జాండర్ కాల్డర్‌ను అడిగాడు. ఆ కారు అదే ఏడాది లె మాన్ 24 గంటల పందెంలో పరుగెత్తింది. ‘ఆర్ట్ కార్’ల వరుస అలా మొదలైంది.

కాల్డర్, ఆయన తర్వాత ఆర్ట్ కార్లు చేసిన చిత్రకారులు ఫ్రాంక్ స్టెల్లా, లిక్టెన్‌స్టైన్ ముందు చిన్న నమూనా మీద రంగులు వేస్తే, వాటిని తర్వాత అసలు కారు మీదికి ఎక్కించారు. అంటే ఆ కార్ల విషయంలో బుల్లి కారే నిజానికి ముందు పుట్టింది! 1979లో ఆండీ వార్హోల్ మాత్రం ఎం1 కారు మీద నేరుగా, అరగంటలోపే రంగులు పూసేశాడు. ఆ కారు లె మాన్‌లో ఆరో స్థానంలో నిలిచింది.

ఈ ఆర్ట్ కార్ల బుల్లి నకళ్లను సేకర్తలు ఇప్పుడు అద్దాల బీరువాలో దాచుకుంటారు. 1:18 కొలతలో ఆ ఎం1 పొడవు దాదాపు 24 సెంటీమీటర్లు, సుమారు జానెడు. ఇలాంటి నమూనాల మీద గీతలూ అంకెలూ అచ్చువేయడానికి ‘టాంపో’ పద్ధతి బాగా వాడతారు: మెత్తని సిలికాన్ దిండు చెక్కిన పలక మీది సిరాను అందుకుని, వంపుల మీద ఒత్తుతుంది. అసలు పరీక్ష ఫ్రాంక్ స్టెల్లా 1976 కారు దగ్గరే. గ్రాఫ్ కాగితం లాంటి ఆ నలుపు తెలుపు గళ్లు తలుపు సందు దాటి అవతలి గీతతో సరిగ్గా కలవాలి. వెంట్రుకవాసి జరిగినా కంటికి పట్టేస్తుంది. కొనేవారు ముందు చూడాల్సింది అక్కడే.