అమ్మోనియం నైట్రేట్‌కు సున్నపురాయి కళ్లెం

క్వారీలకు పేలుడు పనికి వెళ్లే అమ్మోనియం నైట్రేట్, పొలాలకు వెళ్లే కాల్షియం అమ్మోనియం నైట్రేట్ - పేర్లు దగ్గరే గాని సరుకులు వేరు. టెలిఫోన్‌లో ‘నైట్రేట్’ అంటే చాలదు. మొదటి దాని నిల్వకు 2012 నిబంధనల ప్రకారం లైసెన్సు కావాలి.

రెండవ దానిలో సున్నపురాయి పొడి కలుపుతారు. వేడికి నైట్రేట్ నుంచి ఆమ్లం పుట్టి, సరుకు విచ్ఛిన్నమయ్యే వేగాన్ని పెంచుతుంది. సున్నపురాయి ఆ ఆమ్లాన్ని విరిచివేసి వేగం తగ్గిస్తుంది. పొటాష్ ఎరువు (మ్యూరేట్) పని ఇందుకు తారుమారు. అందులోని క్లోరైడ్ వేగాన్ని ఎగదోస్తుంది. చోటు చాలదని ఈ రెండు బస్తాలూ ఒకే వరుసలో పేర్చరాదు.

కలిపిన సరుకైనా సమంగా కలవాలి. 1921లో జర్మనీలోని ఒప్పావులో అమ్మోనియం సల్ఫేట్ కలిసిన నైట్రేట్ గుట్ట గడ్డకట్టింది. ప్రమాదం లేదనుకుని మందుపెట్టి పగలగొట్టారు. గుట్ట పేలి 500 మందికి పైగా మరణించారు. ఒకచోట నైట్రేట్ పాలు ఎక్కువై ఉండవచ్చునని నిపుణుల అభిప్రాయం.