దైవసేవకు సిద్ధపడువారికి తత్త్వశాస్త్ర పట్టా: ఒక పరిశీలన

విశ్వాసుల పిల్లలెవరైనా బి.ఏ.లో తత్త్వశాస్త్రం చదువుతామంటే మన సంఘాల్లో సాధారణంగా రెండు అభ్యంతరాలు వినబడతాయి. దానివల్ల ఉద్యోగం రాదనేది ఒకటి, విశ్వాసం చెడుతుందనేది రెండవది. మొదటిది తల్లిదండ్రులు అడగదగిన ప్రశ్నే. గ్రూప్స్ పరీక్షలకు, న్యాయవిద్యకు ఇదీ మిగిలిన బి.ఏ.ల వంటి పట్టాయేనని చెప్పడం తప్ప ఇక్కడ దాన్ని చర్చించబోవడం లేదు. రెండవ అభ్యంతరం మాత్రం వేదాంత విద్యతో సంబంధమున్నది గనుక పరిశీలింపదగినది.

ఈ అభ్యంతరానికి ఆధారంగా కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2:8 చూపడం పరిపాటి. పౌలు అక్కడ మోసకరమైన తత్త్వజ్ఞానాన్ని గూర్చి హెచ్చరించిన మాట నిజమే. అయితే అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయంలో ఏథెన్సు పట్టణాన ఎపికూరీయులతోను స్తోయికులతోను వాదించినవాడు కూడా ఆ పౌలే. వారి బోధ తెలియకుండా అది సాధ్యమయ్యేది కాదు. మోసకరమైనదాన్ని గుర్తుపట్టాలన్నా మొదట వాదమంటే ఏమిటో తెలియాలి.

ఇంతకీ ఈ పట్టాలో ఏమి నేర్పుతారు? తర్కశాస్త్రం, నీతిశాస్త్రం, జ్ఞానమీమాంస, తత్త్వమీమాంస, భారతీయ దర్శనాలు, ప్లేటో మొదలు కాంట్ వరకు, ఆ తరువాతివారి వరకు పాశ్చాత్య తత్త్వచరిత్ర. విశ్వవిద్యాలయాన్ని బట్టి పేపర్ల పేర్లు మారినా సారాంశం ఇదే. ఇది మతబోధ కాదు. మనశ్శాంతిని ఆశించి చేరినవారు నిరాశపడతారు. ఎవరు ఏమన్నారో ఒప్పజెప్పినంత మాత్రాన ఈ చదువు పూర్తి కాదు, ఎందుకన్నారో చెప్పగలగాలి. పరీక్షకు నెలరోజుల ముందు గైడు కొని చదివినవారికి మార్కులు రావచ్చు గాని ఆ రెండవది రాదు.

ప్రమాణాలను గూర్చిన పాఠాన్నే తీసుకుందాం. మనకు జ్ఞానం ఏ మార్గాన కలుగుతుంది? ప్రత్యక్షం ఒక్కటే ప్రమాణమన్నారు చార్వాకులు. దానికి అనుమానాన్ని చేర్చారు వైశేషికులు. కొండమీద పొగను చూచి అక్కడ నిప్పు ఉన్నదని గ్రహించడం ఈ అనుమానానికి ప్రసిద్ధ ఉదాహరణ. తెలుగులో మనం వాడే 'సందేహం' అనే అర్థం ఇక్కడ లేదు. నైయాయికులు వీటితోపాటు ఉపమానాన్ని, శబ్దాన్ని కూడా అంగీకరించి నాలుగు ప్రమాణాలన్నారు. శబ్దమంటే ఆప్తుని మాట. ఉన్నదాన్ని ఉన్నట్టు ఎరిగి, ఎరిగినదాన్ని ఎరిగినట్టు చెప్పగోరేవాడే ఆప్తుడు. అట్టివాని మాటవల్ల కలిగే జ్ఞానం స్వతంత్రమైనదని న్యాయం చెబుతుంది. వైశేషికులు దాన్ని అనుమానంలోనే కలిపివేశారు.

ఆ విద్యార్థి మరో పేపరులో డేవిడ్ హ్యూమ్‌ను చదువుతాడు. అద్భుతాలను గూర్చి ఆయన వ్రాసిన ప్రకరణం 1748లో వెలువడింది. సాక్ష్యాన్ని మనం నమ్మడం కేవలం అనుభవం మీద ఆధారపడినది గనుక, అనుభవానికంతటికి విరుద్ధమైన సంగతిని సాక్ష్యంతో స్థాపించడం సాధ్యం కాదన్నంత గట్టిగా ఆయన వాదించాడు. మొదటి కొరింథీయులకు 15వ అధ్యాయంలో పునరుత్థానానికి పౌలు చూపినవి సాక్షుల పేర్లే. కాబట్టి ఈ దెబ్బ ఎక్కడ తగులుతుందో వేరుగా చెప్పనక్కరలేదు. సాక్ష్యం అనుభవంలో కలిసిపోయేదా, స్వతంత్ర ప్రమాణమా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. దాన్ని మన నైయాయికులు హ్యూమ్‌కు ఎన్నో శతాబ్దాల ముందే విచారించారు. తెలుగు విద్యార్థి ఈ రెండు పేపర్లను కలిపి చదవగలిగితే అతనికి దొరికే లాభం చిన్నది కాదు.

అయితే ఒక జాగ్రత్త అవసరం. నైయాయికులు శబ్దప్రమాణాన్ని సమర్థించింది వేదప్రామాణ్యాన్ని నిలబెట్టడానికి. మనం ఆ వాదాన్ని అరువు తెచ్చుకొని మన సాక్షులకు మాత్రమే వర్తింపజేయడం న్యాయం కాదు. ఎవరు ఆప్తులు, ఎందుచేత అనే విచారణ ఇరుపక్షాల వారికీ తప్పదు. ఈ నిజాయితీ నేర్పకపోతే ఆ పట్టా వల్ల ప్రయోజనం లేదని నా అభిప్రాయం.

ఇందుకు మద్రాసు క్రైస్తవ కళాశాల చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉన్నది. 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో జన్మించి, 1931లో ఆంధ్ర విశ్వకళాపరిషత్ ఉపాధ్యక్షులైన సర్వేపల్లి రాధాకృష్ణన్ అక్కడే తత్త్వశాస్త్రం చదివారు. ఆ శాస్త్రాన్ని ఎంచుకోవడానికి కారణం, చదువు ముగించిన బంధువొకరు తన పుస్తకాలు ఇవ్వడమేనట! వేదాంతంలో నీతికి తావు లేదన్న విమర్శకు సమాధానంగా ఆయన 1908లో ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం సమర్పించారు. క్రైస్తవ మతపక్షాన ఆ విమర్శ తరచు వినబడే రోజులవి. అక్కడి ఆచార్యుడు ఎ.జి. హాగ్ స్కాట్లండు మిషనరీ. శిష్యుని వాదం తన విశ్వాసానికి అనుకూలమైనది కాకపోయినా, క్లిష్టమైన వాదాన్ని నడిపిన నేర్పును ఆయన మెచ్చుకొని యోగ్యతాపత్రం ఇచ్చాడు. ఈ హాగ్ స్వయంగా కర్మసిద్ధాంతాన్ని, విమోచనను పక్కపక్కన పెట్టి పరిశీలించి 1909లో గ్రంథం ప్రకటించినవాడు. ఆయన విశ్వాసం అందువల్ల చెడలేదు. శిష్యుడూ క్రైస్తవుడు కాలేదు. ఎదుటివాని వాదాన్ని దాని బలమంతటితో వినడం మాత్రం ఇద్దరూ చేశారు.

బి.డి.లో చేరినవారికి మతతత్త్వశాస్త్రం, భారతీయ మతాలు ఎలాగూ పాఠ్యాంశాలే. అయితే గ్రీకు, హెబ్రీ, సంఘచరిత్రల మధ్య వాటికి దొరికే సమయం కొద్ది. మూడేళ్లు ముందుగా తర్కం చదివివచ్చిన విద్యార్థి ప్రసంగ వాక్యభాగంలో "కాబట్టి" అన్న మాట దగ్గర ఆగి, దేనిని బట్టి అని చూస్తాడు. రోమా పత్రిక చదివేవారికి ఇది ఎంత అవసరమో చదువరులకు తెలుసు.

మన రెండు రాష్ట్రాల్లో డిగ్రీ స్థాయిలో ఈ శాస్త్రం బోధించే కళాశాలలు తక్కువ. ఇల్లు విడిచి దూరం వెళ్లవలసి రావచ్చు. అటువంటి చోట పద్దెనిమిదేళ్ల పిల్లవాడు హ్యూమ్‌ను ఒంటరిగా చదవకూడదు. సెలవులకు వచ్చినప్పుడు కాపరి అతణ్ణి కూర్చోబెట్టుకొని ఈ ఏడు ఏమి చదివావని అడగాలి. కాపరికి ఆ పాఠం తెలియకపోతే హిరియణ్ణగారు 1932లో ఇంగ్లీషులో ప్రకటించిన భారతీయ తత్త్వ సంగ్రహంతో మొదలుపెట్టవచ్చు. రోజుకు నాలుగు పుటల చొప్పున చదివినా ఆ పిల్లవాని చదువు ముగిసేలోగా అది పూర్తవుతుంది.