వాడ బిడ్డకు ఆటిజం పరీక్ష: తల్లి మాట ఎవరు వింటారు?

దళిత ఉద్యమం భూమి గురించి మాట్లాడింది. కూలి రేట్ల గురించి, రిజర్వేషన్ల గురించి, వర్గీకరణ గురించి మాట్లాడింది. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత ఆత్మగౌరవాన్ని రాజకీయం చేసింది. కానీ రెండేళ్లు దాటినా పేరు పెట్టి పిలిస్తే పలకని బిడ్డ, వేలు పెట్టి ఏదీ చూపించని బిడ్డ, వచ్చిన నాలుగు మాటలూ పోగొట్టుకున్న బిడ్డ మన వాడల్లో ఉంటే ఆ సంగతి ఇంటి బాధగానే మిగిలిపోయింది. ఆ బిడ్డకు ఆటిజం ఉందో లేదో తేల్చే పరీక్ష ఎట్లా జరుగుతుంది, ఎక్కడ జరుగుతుంది, అందులోకి కులం ఏ దారిన వస్తుంది అన్నది వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆటిజం అంటే

ఆటిజం అంటురోగం కాదు, పిచ్చి కాదు, గాలి సోకడం కాదు. మెదడు ఎదిగే తీరులో పుట్టుక నుంచీ ఉండే తేడా. ఈ తేడా ముఖ్యంగా రెండు చోట్ల కనిపిస్తుంది. ఒకటి, తోటి మనుషులతో కలవడం, మాట, సైగ. రెండు, చేసిందే చేయడం, పట్టిందే పట్టుకోవడం, చప్పుడు, వెలుతురు, తిండి, బట్ట వంటి వాటిని మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో పట్టించుకోవడం. ఒక బిడ్డ మాటే రాకుండా ఉండొచ్చు. ఇంకో బిడ్డ గడగడా మాట్లాడుతూ కూడా ఎదుటి మనిషితో సంభాషణ నడపలేకపోవచ్చు. ఆడపిల్లల్లో ఇది చాలాసార్లు ఎవరి కంటా పడదు. ‘సిగ్గరి, నెమ్మదస్తురాలు’ అని మెచ్చుకుని వదిలేస్తారు.

ఏడాది నిండినా చెయ్యి ఊపడం, వేలితో చూపడం వంటి సైగలు లేకపోవడం, పిలిస్తే తిరగకపోవడం, 16 నెలలకు ఒక్క మాట రాకపోవడం, 24 నెలలకు రెండు మాటలు సొంతంగా కలిపి అనకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాట పోవడం. వీటిలో ఏది కనిపించినా పరీక్షకు తీసుకుపోవాలి. ‘వాళ్ల నాయనకు కూడా లేటుగనే వచ్చినయి మాటలు’ అని ఆగడం సరికాదు. ఆగితే పోయేది కాలం. చిన్న వయసులో మాట, ఆట, పని నేర్పడం మొదలుపెడితే ఆ బిడ్డకు అందే సాయం ఎక్కువ.

ఇది పెద్దింటి జబ్బా?

‘ఇవన్నీ డబ్బున్నోళ్ల రోగాలు’ అని మనవాళ్లు అంటారు. డాక్టర్లు కూడా ఒకప్పుడు అట్లాగే అనుకున్నారు. దానికో చరిత్ర ఉంది. 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆటిజం వైద్యశాస్త్రంలోకి వచ్చింది. ఆ పిల్లల తల్లిదండ్రులు దాదాపు అందరూ బాగా చదువుకున్నవాళ్లు. దాంతో ఇది చదువుకున్న ఇళ్ల జబ్బు అనే మాట పుట్టింది. నిజానికి ఆ ఆసుపత్రి గడప తొక్కగలిగింది వాళ్లే. గడప తొక్కలేని వాళ్ల పిల్లలు లెక్కలోకి రాలేదు. లెక్కలోకి రానివాళ్లు లేనేలేరని శాస్త్రం నమ్మింది.

రెండో అబద్ధం తల్లి మీద. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో రాసిన పుస్తకం తల్లి ప్రేమలేనితనమే ఆటిజానికి కారణమనే వాదానికి ఊపునిచ్చింది. అంతకుముందే, 1964లో, ఆటిజం ఉన్న బిడ్డకు తండ్రి అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ ఆ వాదాన్ని ఖండిస్తూ ఇది శరీరానికి సంబంధించిన విషయమని రాశాడు. 1977లో బ్రిటన్‌లో కవల పిల్లల మీద జరిగిన అధ్యయనం ఇందులో వంశపారంపర్యం పాత్ర పెద్దదని చూపించింది. శాస్త్రంలో ఆ వాదం ఓడిపోయింది. సమాజంలో ఓడిపోలేదు. మన తల్లులు ఇప్పటికీ వినే మాటలు ఏమిటి? ‘కూలికి పోయి పిల్లగాణ్ణి గాలికొదిలేసింది.’ ‘సెల్లు చేతిలో పెట్టి పడేసింది.’ ‘పోయిన జన్మలో ఏం పాపం చేసిందో.’ ఈ చివరి మాట మనకు కొత్తది కాదు. కులానికి కారణం చెప్పిన కర్మ సిద్ధాంతమే వైకల్యానికీ కారణం చెబుతోంది. ఒకదాన్ని తిరస్కరించినవాళ్లు రెండోదాన్ని ఎందుకు మొయ్యాలి?

మన దగ్గర లెక్క ఏమిటి? దేశంలో అయిదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ల పిల్లల్ని పరీక్షించిన అధ్యయనం ఒకటి 2018లో వెలువడింది. ఆ అయిదింటిలో హైదరాబాద్ ఒకటి. సుమారు నూటికి ఒక బిడ్డకు ఆటిజం ఉన్నట్టు అందులో తేలింది. అంటే మండలంలోని అంగన్వాడీలన్నీ కలిపితే ఇట్లాంటి పిల్లలు కొందరు ఉండే తీరాలి. వాళ్లు ఎక్కడున్నారు? ‘మూగోడు’, ‘మొద్దోడు’, ‘తిక్కది’ అనే పేర్ల కింద ఉన్నారు.

పరీక్షకు పనిముట్టు తల్లి మాటే

ఆటిజాన్ని తేల్చే రక్తపరీక్ష లేదు. స్కానింగ్ లేదు. మూర్ఛలో ఇంకేదో అనుమానం ఉంటే అవి రాస్తారు, కానీ ఆటిజాన్ని అవి చెప్పవు. దీన్ని తేల్చేది రెండే: బిడ్డను ఓపికగా గమనించడం, బిడ్డను పెంచినవాళ్లు చెప్పేది వినడం.

16 నుంచి 30 నెలల పిల్లలకు ఎం-చాట్ అనే 20 ప్రశ్నల పట్టిక ఉంది. ‘మీరు వేలు పెట్టి చూపిస్తే అటు చూస్తాడా?’, ‘తనకు నచ్చింది మీకు చూపించడానికి తెస్తాడా?’ వంటివి తల్లిని అడుగుతారు. ఇది వడపోత మాత్రమే. ఇందులో అనుమానం వచ్చినంత మాత్రాన ఆటిజం ఉన్నట్టు కాదు, అసలు పరీక్షకు పంపాలని అర్థం. మన దేశానికని తయారైన కొలబద్ద ఐసా. దాన్ని సికింద్రాబాద్‌లోని జాతీయ మానసిక వికలాంగుల సంస్థ తయారుచేసింది, 2009లో విడుదలైంది. ఇందులో 40 అంశాలు ఉంటాయి. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70 కంటే తక్కువైతే ఆటిజం లేదని, పైకి పోయేకొద్దీ తీవ్రత ఎక్కువని లెక్క. ఈ మార్కులు వేసేది కూడా బిడ్డను చూసి, తల్లిని అడిగే.

ఇక్కడే అసలు సంగతి ఉంది. జ్వరం కొలిచే గొట్టానికి కులం తెలియదు. ఎవరి నోట్లో పెట్టినా ఒకటే చెబుతుంది. కానీ ఈ పరీక్షలో పనిముట్టు తల్లి మాట. ఎదుట కూర్చున్న మనిషి వాడ నుంచి వచ్చిన ఆడమనిషి మాటకు విలువ ఇవ్వకపోతే, పనిముట్టు విరిగిపోయినట్టే. ‘నీకేం తెలుసమ్మా’ అన్న ఒక్క మాటతో పరీక్ష అయిపోతుంది.

కులం దూరే సందులు

అయిదు నిమిషాల్లో చూసి పంపేసే చోట బిడ్డ కళ్లలోకి చూడడం లేదని రాస్తారు. ఆఫీసర్ల ముందు, ఆసాముల ముందు తల దించుకోవడం తరతరాలుగా నేర్పిన ఊళ్లో, తల్లి ఒళ్లో ముడుచుకున్న బిడ్డ డాక్టరు వైపు చూడకపోవడం వింతా? చూడాల్సింది ఆ బిడ్డ తల్లి వైపు చూస్తాడా, అవ్వ వైపు చూస్తాడా అన్నది.

ఆటబొమ్మకు అన్నం తినిపిస్తాడా అని అడుగుతారు. ఆ ఇంట్లో ఆటబొమ్మ లేకపోవచ్చు. కొబ్బరి చిప్పలో మట్టి పోసి ఉత్తుత్తి వంట చేసి అమ్మకు పెడతాడా అని అడిగితే అదే సంగతి తెలుస్తుంది. పుస్తకంలో బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంటారు. బొమ్మల పుస్తకం మొదటిసారి చూసే బిడ్డ నోరు విప్పడు. పైగా వాడ మాట వేరు, పరీక్ష పెట్టే గదిలో మాట వేరు. బిడ్డకు మాట రాలేదా, లేక ఆ గదికి బిడ్డ మాట రాలేదా?

దీనివల్ల రెండు వైపులా అన్యాయం జరుగుతుంది. ఒకటి, ఉన్న ఆటిజాన్ని ‘చదువులేని ఇల్లు, మాట్లాడేవాళ్లు లేరు, అదే వస్తుంది’ అని కొట్టిపారేయడం. రెండు, లేని బుద్ధిమాంద్యాన్ని అంటగట్టడం. నల్లజాతి ప్రజలు ఈ రెండూ చూశారు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పేదల ప్రభుత్వ బీమా కింద ఉన్న పిల్లల మీద జరిగిన అధ్యయనం 2002లో వచ్చింది. తెల్ల పిల్లలకు సగటున 6.3 ఏళ్లకు ఆటిజం అని తేలితే నల్ల పిల్లలకు 7.9 ఏళ్లు పట్టింది. బీమా ఒకటే, పేదరికం ఒకటే. తేడా రంగుది. అదే దేశంలో, ఐక్యూ పరీక్షలతో నల్ల పిల్లల్ని మందబుద్ధుల తరగతుల్లో పడేయడాన్ని తల్లిదండ్రులు కోర్టుకెక్కి నిలదీస్తే, 1979లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు ఆ పద్ధతి చెల్లదంది. పోరాటం, ప్రచారం, చిన్న వయసులోనే పరీక్షలు పెరిగాక సంగతి మారింది. 2020 లెక్కల్లో మొదటిసారి తెల్ల పిల్లల కంటే నల్ల పిల్లల్లోనే ఆటిజం ఎక్కువగా నమోదైంది. జబ్బు రంగు మార్చుకోలేదు. పరీక్ష వాళ్ల దాకా చేరింది.

ఎక్కడికి పోవాలి

ప్రైవేటుకు పోయి అప్పు చెయ్యకముందు ప్రభుత్వ దారి తెలుసుకోవాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం అంగన్వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. ఎదుగుదల లోపాలు, అందులో ఆటిజం, ఆ బృందం చూడాల్సిన వాటిలో ఉన్నాయి. బృందం ఎప్పుడు వస్తుందో అంగన్వాడీ టీచర్‌నో ఆశా కార్యకర్తనో అడిగి, ఆ రోజు కూలి మానుకునైనా తల్లి అక్కడ ఉండాలి. తల్లి లేకపోతే బరువు, ఎత్తు చూసి పంపేస్తారు. అనుమానం ఉంటే జిల్లా కేంద్రంలోని డిఇఐసికి రాసి పంపాలి. పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, మాట నేర్పేవాళ్లు ఒకేచోట ఉండాలన్నది ఆ కేంద్రం ఉద్దేశం. అన్ని పోస్టులూ నిండి ఉంటాయని కాదు. నిండకపోతే అడగాల్సింది మనమే. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థకు ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అని పేరు. అక్కడ కూడా పిల్లల్ని చూస్తారు.

మొదట చెవి పరీక్ష చేయించాలి. వినపడని బిడ్డ కూడా పిలిస్తే పలకడు. ‘బిందె చప్పుడుకు తిరిగాడు గదా’ అని వదలకూడదు. బెరా వంటి పరీక్షలు చిన్నపిల్లలకు కూడా చేస్తారు.

తేలిన తర్వాత సర్టిఫికెట్. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్న ఏడు రకాల్లో ఆటిజం లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం దాన్ని గుర్తించింది. 2016 చట్టం 21 రకాల వైకల్యాల్లో చేర్చింది. 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గరి బడిలోనో, కోరుకుంటే ప్రత్యేక బడిలోనో ఉచితంగా చదివే హక్కు ఉంది. నేషనల్ ట్రస్ట్ నిరామయ బీమా లక్ష రూపాయల దాకా వర్తిస్తుంది. అయితే సర్టిఫికెట్ వచ్చేదాకా శిక్షణ ఆపొద్దు. శిక్షణ వేరు, కాగితం వేరు. మండలంలో భవిత కేంద్రం ఉంటే అక్కడా అడగాలి. ఆటిజాన్నే పోగొడతామని మందులు, ఇంజెక్షన్లు అమ్మేవాళ్లను మాత్రం దగ్గరికి రానివ్వొద్దు. అట్లాంటి మందు లేదు.

తోడు పోయేవాళ్ల పని

కార్యకర్తలు, విద్యార్థులు, టీచర్లు చేయగలిగింది ఇక్కడ చాలా ఉంది. ఒంటరిగా పోయిన తల్లిని కసురుకునే చోట, పక్కన ఒక మనిషి కాగితం, కలం పట్టుకుని కూర్చుంటే మర్యాద మారుతుంది.

పోయేముందు తల్లి చెప్పేది రాసిపెట్టండి. తారీఖులు గుర్తుండవు, పండుగలు గుర్తుంటాయి. ‘బతుకమ్మకు అమ్మా అన్నడు, సంక్రాంతికల్లా బందైంది’ అంటే అదే చరిత్ర. పిలిస్తే ఏం చేస్తాడు, ఆకలైతే ఎట్లా అడుగుతాడు, తోటి పిల్లలు వస్తే ఏం చేస్తాడు అన్నవి సెల్‌ఫోన్లో రెండేసి నిమిషాలు తీసిపెట్టండి. ఇంట్లో బిడ్డ వేరు, ఆసుపత్రిలో బిడ్డ వేరు. అంగన్వాడీ టీచర్ చూసింది కూడా రాయించుకోండి.

పోయినచోట మూడు అడగండి. ఏ కొలబద్దతో చూశారు? ఎన్ని మార్కులు వచ్చాయి? ఏం తేలింది, తర్వాత ఏం చెయ్యాలి? ఇవి కాగితం మీద రాసి ఇమ్మనండి. ‘ఎదుగుదల తక్కువ’ అని నోటితో చెప్పి పంపేస్తే పరీక్ష జరిగినట్టు కాదు. తేల్చింది తప్పనిపిస్తే ఇంకోచోట చూపించుకునే హక్కు ఉంది. బిడ్డ పెరిగేకొద్దీ మళ్లీ పరీక్షించాలి కూడా.

పేరు పడితే ముద్ర పడుతుందని భయపడే తల్లిదండ్రులు ఉన్నారు. ఆ భయం ఉత్తది కాదు. పుట్టుకతోనే ఒక ముద్ర మోస్తున్నవాళ్లు రెండోది ఎందుకు అడుగుతారు? కానీ ముద్ర ఎప్పుడో పడింది, ‘మొద్దోడు’ అని. దాంతో బడి రాదు, శిక్షణ రాదు, పింఛను రాదు. పరీక్ష ఆ ముద్రను చెరిపి, హక్కులున్న పేరు పెడుతుంది. ఆ పేరు సరిగ్గా పెట్టాలంటే వాడ తల్లి మాట సాక్ష్యంగా చెల్లాలి. పోలీస్ స్టేషన్లో, కోర్టులో, పంచాయతీలో మన మాట చెల్లాలని కొట్లాడాం. పిల్లల డాక్టరు గదిలో కూడా చెల్లాలి. మన మండలానికి డాక్టర్ల బృందం ఈ ఏడాది ఎన్నిసార్లు వచ్చింది, జిల్లా కేంద్రంలో ఎన్ని పోస్టులు ఖాళీ అన్న రెండు ప్రశ్నలతో ఈ నెలలోనే సమాచార హక్కు దరఖాస్తు పెట్టొచ్చు. అక్కడి నుంచి మొదలుపెడదాం.