చెవిలోని త్రాసు

చెవి వినుటకే కాదు; తల తిరుగుటను దెలిసికొనుటకును సాధనము. అందలి మూడు అర్ధవృత్తనాళములలోని ద్రవమే యిందులకు మూలము. వీనిని బరీక్షించుటకు వియన్నా వైద్యుఁడు రాబర్ట్ బారానీ చెవిలో నీరు పోసి చూచెను. ఆతఁడు రష్యాలో యుద్ధఖైదీగా నుండఁగా 1914వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

1942లో ఫిట్జెరాల్డు, హాల్పైకులు 30, 44 డిగ్రీల సెంటిగ్రేడు నీటితో నీ పరీక్షను గ్రమపఱచిరి. వేఁడిమి భేదముచే ద్రవము కదలఁగా కన్నులు ప్రక్కకుఁ గొట్టుకొనును. ఆ వేగమే లెక్క.

అయితే ఆరోగ్యవంతులలోనే యీ వేగ మొకనికి మెండు, వేఱొకనికిఁ గొంచెము. ఒకనికే నేఁడొక తీరు, మఱునాఁ డింకొక తీరు. గులిమి యడ్డుపడినను, కునికిపాటు వచ్చినను తగ్గును. కావున వేగమెంతయని గాక, కుడియెడమల భేదమెంతయని చూచుట మేలు. ఆ భేదము స్వల్పమైనచో దోషముగా నెంచరు. ఒక్క పరీక్షతోనే యొకనిని రోగి యనుట మాకు సమ్మతము కాదు. పరీక్షాకాలమున మెలకువకై నోటిలెక్కలు చేయింతురు. గణితము గిట్టని విద్యార్థుల కిది నీటికంటెఁ గష్టము కాఁబోలు!