గనినీటికి దారి

మురుగుకాలువ విలువను కోనసీమ కర్షకునకు వేఱుగ బోధింప నక్కఱలేదు. కాలువలు పూడి, వాననీరు సముద్రమునకు పోవు త్రోవ గానక చేలలో నిలిచిపోవుటయే, 2011లో ఇచ్చటి రైతులు సార్వా సాగును మానుటకు గల హేతువులలో నొకటి. కోనసీమను తడుపు గోదావరికే ఎగువన, మణుగూరు ప్రాంతమునందు, సింగరేణి సంస్థవారి ఉపరితల బొగ్గుగనులు గలవు. అట్టి గనులలోను వాననీటికి దారి చూపుటయే సమస్య.

గని యనునది ఎంత లోతైనను వానకు తెఱచియుంచిన గొయ్యియే గనుక, వెలుపలి నీటిని లోనికి రానీయక చుట్టును త్రవ్విన కాలువగుండ మళ్లించుట ప్రథమ కర్తవ్యము. లోపల కురిసినదానిని అడుగునందలి సంపులోనికి చేర్చి, పంపులతో పైకి తోడి, తేరుటకై మడుగులలో నిలుపుదురు. అసలు చిక్కంతయు నిచ్చటనే యున్నది: మిల్లీమీటరు పరిమాణముగల ఇసుకరేణువు పది సెంటీమీటర్ల నీటిలో ఇంచుమించు ఒక సెకనులో అడుగంటగా, అందు అయిదువందలవ వంతుగల బంకమట్టి రేణువునకు నిశ్చలజలమునందే దాదాపు ఎనిమిది గంటలు పట్టును. మన పెద్దలు చిల్లగింజ నరగదీసి బిందెనీటిని తేర్చినట్లే, ఇట్టి మడుగులందు పటికవంటి ద్రవ్యములను కలిపి, సూక్ష్మరేణువులను ముద్దకట్టించి దింపుట కలదు.

త్రవ్విపోసిన మట్టిగుట్టలను మెట్లుమెట్లుగ మలచి, పాదమున రాతికట్ట గట్టి, పైని గడ్డిని పెంచినచో, మడుగునకు వచ్చు బురదయే తగ్గును. ఇన్నిటిలోను మిక్కిలి అశ్రద్ధకు లోనగునది పూడికతీత యని నా దృఢాభిప్రాయము. నిండా బురద పేరిన మడుగులో నీరు నిలువక, వచ్చిన మట్టితోడనే వాగునకు దాటిపోవును గనుక, ఆ పని ఏరువాకకు మునుపే ముగియవలయును.