లెక్క ఆపేసిన మిషనరీ

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు ఇలా రాశాడు: "అన్నా, రెండేళ్లుగా మా పేటలో సండే స్కూల్ చెప్తున్నా. మొదట్లో 20 మంది పిల్లలు వచ్చేవాళ్లు, ఇప్పుడు నలుగురే. ఆపేయనా?" వారమంతా ఆ మాట నన్ను వదల్లేదు. ఎందుకంటే నాదీ అదే జబ్బు. వీడియో పెట్టిన గంటకే వ్యూస్ చూస్తా. తక్కువొస్తే ఆ రోజు ప్రార్థన కూడా చప్పగా ఉంటుంది. నవ్వకండి, నిజం.

అందుకే ఈరోజు ఒంగోలు సంగతి చెప్తా.

అమెరికన్ బాప్టిస్టులు తెలుగువాళ్ల మధ్య పరిచర్య మొదలుపెట్టింది 1836లో. ఏళ్లు గడిచినా విశ్వాసులు చాలా కొద్దిమందే. 1853లో మిషన్ మూసేద్దామా అని అక్కడ చర్చ జరిగింది. 1862లో మళ్లీ అదే మాట. నెల్లూరులో పనిచేసిన లైమన్ జ్యువెట్ గారు అప్పుడు అమెరికాలోనే ఉన్నారు. మీరు పంపకపోయినా నేను వెళ్తా, నా ప్రాణం అక్కడే పోతుంది అని తెగేసి చెప్పారు. ఆయన తిరిగొచ్చేటప్పుడు వెంట జాన్ క్లఫ్ అనే కుర్ర మిషనరీ వచ్చారు. 1866లో ఒంగోలులో కాపురం పెట్టారు.

క్లఫ్ గారు అంతకుముందు సర్వే పని చేసిన మనిషి. అంటే మన బ్యాచే, టెక్నికల్! ఆ పని 1876లో మొదలైన కరువులో అక్కరకొచ్చింది. మన పెద్దలు ధాత కరువు అంటారే, అది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో సుమారు 3.5 మైళ్ల కాంట్రాక్టు ఆయనే తీసుకున్నారు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టారు. బక్కచిక్కిన మనుషులు పలుగూ పారా పట్టి కూలి తీసుకుని బతికారు. ఎక్కువమంది మాదిగలు, ఊరి బయట బతికినవాళ్లు.

ఇప్పుడు అసలు విషయం. ఆ కూలివాళ్లలో చాలామంది బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఆపేశారు. కూటి కోసం చేరారనే మాట వాళ్ల మీద పడకూడదు, తిండికీ విశ్వాసానికీ ముడిపెట్టకూడదు అని. ఆలోచించండి, ఆయనకి ఎక్సెల్ షీట్ ఉండుంటే ఆ ఏడాది బాప్తిస్మాల కాలమ్ ఖాళీ. పని మాత్రం ముందెప్పుడూ లేనంత.

కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, వంతులవారీగా ఇచ్చారు. మన మీటింగుల్లో అందరూ ఈ నంబర్ దగ్గరే చప్పట్లు కొట్టిస్తారు. నాకైతే దానికి ముందున్న ఆ ఖాళీ కాలమే ఎక్కువ నచ్చింది. ఆకలితో ఉన్న మనిషి ఎదురుగా ఉంటే లెక్క గుర్తురాలేదు ఆయనకి.

తమ్ముడూ, ఇక నీ ప్రశ్న. అలసిపోతే ఒక ఆదివారం ఇంకొకరికి అప్పజెప్పు, తప్పేం లేదు. కానీ ఆ 16 మంది ఎందుకు మానేశారో తెలుసా? ట్యూషనా, పత్తి ఏరడానికి పోతున్నారా, ఇంట్లో ఎవరికైనా బాగోలేదా? సండే స్కూల్‌కి రమ్మని అడగడానికి కాదు, ఊరికే ఒకరింటికి వెళ్లి కూర్చో. వాళ్లమ్మ ఏం చెప్పిందో నాకు రాయి.